కవిలాక్ వణికిన ఏడాది

మా పక్కింటి రాఘవులు గారి అమ్మాయి మేధ అలాస్కాలో ఏం ఉద్యోగం చేస్తుందో మేముండే ట్రాయ్ ఊళ్ళో మా తెలుగువాళ్ళకి చాలాకాలం సరిగ్గా తెలియదు. పార్టీల్లో ఎవరైనా అడిగితే "అగ్నిపర్వతాలు చూస్తుంది" అనేసి రాఘవులు గారు బిర్యానీ వైపు తిరిగేవారు. చూడటం అనే మాట మేధకి నచ్చేది కాదు. ఆమె కాపలా కాసే కొండలు ఏంకరేజ్‌లోని ఆఫీసుకి వందల మైళ్ళ దూరంలో, సముద్రం మధ్య దీవుల మీద, ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బుల్లో మునిగి ఉంటాయి. కంటికి దొరికేది తక్కువ. నేలలో పాతిన పరికరాలు రేడియో ద్వారా పంపే గీతల్ని చదవడమే ఆమె పని.

నా పేరు రేణు. మేధ నన్ను ఆంటీ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, మా అమ్మాయి అనుష్కా తనూ ఒకే స్కూల్ బస్సెక్కి పెరిగారు. పోయిన వేసవిలో ఏంకరేజ్ వెళ్ళి ఆమె దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చాను. ఆమె చెప్పిందీ, ఆమెతో పనిచేసేవాళ్ళు చెప్పిందీ, చివర్లో నేను స్వయంగా చూసిందీ కలిపి రాస్తున్నాను. అక్కడివాళ్ళ మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి, నేను తెలుగులో చెప్తున్నాను.

భూకంపం ఎలా ఉంటుందో మనకి తెలుసు. తలుపు మీద ఎవరో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టినట్టు వచ్చి, ఊపేసి, ఆగిపోతుంది. అగ్నిపర్వతాల కింద ఇంకో రకం కదలిక ఉంటుంది. కరిగిన రాయీ, అందులోంచి వెలువడే వాయువులూ, ఆవిరీ సందుల్లో దూరి కదులుతుంటే నేల గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సన్నగా వణుకుతూనే ఉంటుంది. దాన్ని ట్రెమర్ అంటారు. మనిషి పాదానికి చాలావరకు తెలియదు, పరికరానికి తెలుస్తుంది. కొండ బద్దలయ్యేటప్పుడు దాదాపు ప్రతిసారీ ట్రెమర్ ఉంటుంది. కానీ ట్రెమర్ వచ్చిన ప్రతిసారీ కొండ బద్దలవదు. మేధ ఉద్యోగంలోని కష్టమంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉంది.

ఇలాంటి వణుకుల్ని గుర్తుపట్టే చెవి ఆమెకి తండ్రి దగ్గర అబ్బింది. రాఘవులు గారు కార్ల కంపెనీలకి పనిచేసిన ఇంజనీరు. కార్లో పుట్టే అనవసరపు చప్పుళ్ళూ వణుకులూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టి తగ్గించడం ఆయన పని. గుడికి వెళ్ళే దారిలో కూడా ఆ పని మానేవారు కాదు. ఓసారి వాళ్ళ వ్యాన్‌లో నేనూ అనుష్కా ఉన్నాం. మేధ అప్పటికింకా ఎలిమెంటరీ స్కూల్లో ఉంది.

"ఏదో గుయ్యిమంటోంది. వినపడుతుందా మేధా?" అన్నారాయన.

"టైర్, నాన్నా."

"టైరైతే బండి స్లో చేస్తే ఏమవ్వాలి?"

ఆయన వేగం తగ్గించారు. పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. "స్లో అయింది, కానీ సౌండ్ సేమ్ ఉంది. టైర్ కాదు." ఇంకాసేపు విని, "ఏసీ ఫ్యాన్!" అని అరిచింది.

ఆయన ఏసీ కట్టేశారు. గుయ్యిమనడం ఆగింది. మేధ సీట్లో ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఎంత గట్టిగా ఉందని కాదమ్మా. దేంతో మారుతోంది, దేంతో మారట్లేదు, అది పట్టుకో" అన్నారు రాఘవులు గారు. వెనక నుంచి మా అనుష్క, "అంకుల్, రేడియో పెట్టండి ప్లీజ్!" అని మొత్తుకుంది.

తర్వాత మేధ కాలేజీలో జియాలజీ తీసుకుంటే మేమందరం ముక్కు మీద వేలేసుకున్నాం. తండ్రి మాత్రం, "అక్కడ ఏ సెన్సర్స్ వాడతారు?" అని అడిగి ఊరుకున్నారట. చదువు పూర్తయ్యాక అలాస్కాలో అగ్నిపర్వతాల మీద నిఘా పెట్టే కేంద్రంలో చేరింది. అక్కడే స్థిరపడింది. ముప్ఫైల్లోకి వచ్చేసరికి, ఆమె డ్యూటీలో ఉన్న రోజు ఏ కొండకి ఏ హెచ్చరిక ఇవ్వాలో చెప్పే బాధ్యత ఆమెదే అయింది.

ఆమె చూసే కొండల్లో ఒకటి కవిలాక్. దాని కాళ్ళ దగ్గర పెత్రోవ్ హార్బర్ అని చిన్న ఊరు. ఒక చేపల ఫ్యాక్టరీ, ఒక బడి, ఒక దుకాణం, సముద్రం ఒడ్డున కంకర పరిచిన విమానాల దారి. ఆ దుకాణం నడిపేదీ, విమానాల దారి దగ్గర రేడియోలో పైలట్లతో మాట్లాడేదీ ఒకే మనిషి, మార్ఫా. ఆ దీవుల్లో తరతరాలుగా ఉంటున్న ఉనంగన్ జాతి మనిషి. అరవై దాటాయి. ఊళ్ళో ఆమె మాటకి ఎదురు లేదు.

నేను వెళ్ళడానికి ముందు ఏడాది అక్టోబరులో కవిలాక్ కింద ట్రెమర్ మోత మొదలైంది. ఆ రోజుల్లోనే దీవుల మీద తుఫాను. గాలి కూడా పరికరాల్ని వణికిస్తుంది, తెర మీద రెండూ ఒకేలా మందపాటి గీతల్లా కనిపిస్తాయి. మేధ కొండ చుట్టూ ఉన్న పరికరాల గీతలన్నీ పక్కపక్కన పెట్టుకుంది. గాలైతే దేని గోల దానిదే. ఇక్కడ అన్నిట్లోనూ ఒకే లయ ఉంది. కొండకి దగ్గరున్నదాంట్లో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గాలి పడిపోయిన కాసేపట్లో కూడా అది పడిపోలేదు. "ఇది గాలి కాదు, కొండే" అని తేల్చింది.

విమానాలకి ఇచ్చే హెచ్చరిక రంగుల్లో ఉంటుంది. ఆకుపచ్చ నుంచి పసుపు, నారింజ, ఎరుపు. మేధ నారింజకి పెంచింది. ఊరికే పెంచరు దాన్ని. కొండ కక్కే బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు, పిండయిన రాయి, గాజు. జెట్ ఇంజను వేడికి కరిగి లోపల అతుక్కుంటే ఇంజను గాల్లోనే ఆగిపోవచ్చు. అందుకని పెత్రోవ్ హార్బర్‌కి వచ్చే చిన్న విమానాలు కూడా ఆగిపోయాయి.

కొండ మాత్రం బద్దలవలేదు. మోత వారం పైన సాగి, మెల్లగా నీరసించి, పోయింది. ఈలోగా ఆ ఊరి హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు టోర్నమెంటుకి వెళ్ళలేక ఇంట్లో కూర్చుంది. ఊరంతా కలిపినా వంద గడప లేని చోట అది చిన్న సంగతి కాదు.

ఆ ఆదివారం రాఘవులు గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, ఏమైంది నీ కొండ?"

"ట్రెమర్ వచ్చింది, నాన్నా. ఎరప్షన్ రాలేదు. ఊళ్ళో వాళ్ళు నా మీద చాలా మ్యాడ్‌గా ఉన్నారు."

"నువ్వు రీడింగ్ తప్పు చదివావా?"

"లేదు. కరెక్ట్‌గానే చదివాను."

"మరింకేం? వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఫోన్లో కాదు, మనిషి వెళ్ళాలి."

"ఆల్రెడీ టికెట్ బుక్ చేశాను" అంది మేధ.

బడి హాల్లో మీటింగు పెట్టారు. మడత కుర్చీలు నిండిపోయాయి. ఓడిపోవడానికి కూడా అవకాశం దొరకని ఆటగాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు. ముందుగా మార్ఫా లేచింది.

"కొండ బాగానే ఉంది. విమానాలు ఆగాయి. నువ్వు తప్పు చెప్పావు" అంది.

"కొండ వణికిన మాట నిజం" అంది మేధ. "బద్దలవుతుందని నేను చెప్పలేదు. అయ్యే అవకాశం పెరిగిందని చెప్పాను. పెరిగింది. తర్వాత తగ్గింది."

"మళ్ళీ అలాగే వణికితే?"

"మళ్ళీ అలాగే చెప్తాను."

ఎవరో నవ్వారు. మార్ఫా నవ్వలేదు. మేధ లాప్‌టాప్ తెరిచి, హాల్లో పాటలు పెట్టుకునే స్పీకర్‌కి తగిలించింది. కొండ మోత మనిషి చెవికి అందనంత మంద్రంగా ఉంటుంది. ఎన్నో రెట్లు వేగం పెంచితే వినిపిస్తుంది. అక్టోబరు మోతని అలా వేగం పెంచి వినిపించింది. గుడగుడమని, ఎడతెగకుండా, ఒకే మాదిరి. ఒక ముసలి జాలరి తలూపాడు. "నా పడవ మోటారు న్యూట్రల్‌లో ఉన్నట్టుంది."

"ఇంజను ఆన్‌లో ఉందని నేను చెప్పగలను. గేరు ఎప్పుడు పడుతుందో ఇంకా బాగా చెప్పడం రాదు" అంది మేధ. తర్వాత ఇంకో రికార్డు పెట్టింది. అది వేరే కొండది. అందులో ముందు టక్కు టక్కుమని విడివిడి చప్పుళ్ళు. అవి దగ్గరదగ్గరగా వచ్చి ఒకదాన్లో ఒకటి కలిసి మోతగా మారాయి. ఆ మోత స్వరం పైకి, ఇంకా పైకి పోయింది. ఉన్నట్టుండి ఆగింది. ఆపైన స్పీకర్ బద్దలయ్యేంత చప్పుడు. ముందు వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఆ మధ్యలో ఎందుకు ఆగింది?" అని అడిగింది మార్ఫా.

"దారి బిగుసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందని మా ఊహ. అన్ని కొండలూ ఇలా చెయ్యవు. చేసినవీ ప్రతిసారీ చెయ్యవు."

"ఎంతసేపు ఆగుతుంది?"

"ఒక్కోసారి నిమిషం కూడా ఉండదు. ఒక్కోసారి గంట."

"ఇక్కడ అలాంటిది వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి."

"ముందు ఎయిర్ ట్రాఫిక్ వాళ్ళకి చేస్తాను. ఆ వెంటనే మీకు."

మార్ఫా ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. "కనీసం మమ్మల్ని మంచి చేసుకోడానికి అబద్ధం చెప్పవు" అని కూర్చుంది. మీటింగు అయ్యాక దుకాణానికి పిలిచి టీ, ఎండు సాల్మన్ పెట్టింది. ఆ రాత్రికి అతిథి గది కూడా ఆమే చూసింది.

మార్చి నెలలో కవిలాక్ మళ్ళీ కదిలింది. ఈసారి చిన్న చిన్న భూకంపాలతో మొదలైంది. ఒక్కోటీ ముందుదానికి అచ్చుగుద్దినట్టు ఉండేది. అంటే ఒకే చోట, ఒకే విధంగా ఏదో పదే పదే జారుతోందన్నమాట. పొద్దున్నే నారింజ రంగుకి పెంచారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ దెబ్బలు దగ్గరై, ఒకదాన్నొకటి తోసుకుని, కలిసిపోయి మోత అయ్యాయి. తెర మీద ఆ మోత స్వరం ఏటవాలు గీతలా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. మేధ పక్కన ఆమె పై అధికారి గ్రెటా నిలబడింది.

గీత ఎక్కి ఎక్కి, తెగిపోయింది. తెర మీద చదునైన గీతే మిగిలింది. గదిలో ఎవరో "హమ్మయ్య" అన్నట్టు ఊపిరి వదిలారు.

"ఆగింది" అంది గ్రెటా. "గాల్లో ఏమైనా పేలిన చప్పుడు ఉందా?"

"మైకుల్లో ఏమీ లేదు. శాటిలైట్‌కి మబ్బే కనిపిస్తోంది" అంది మేధ.

"అయితే బయటికి ఏమీ రాలేదు."

"రాలేదు. లోపలే ఉంది. రెడ్ ఇద్దాం."

"కొండ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెడ్ ఇచ్చి, ఏమీ జరక్కపోతే, అక్టోబరు కన్నా ఎక్కువ మాటలు పడాలి."

"పడదాం. ఇది అక్టోబరు లాంటిది కాదు. అప్పుడు మోత తనంతట తను నీరసించి పోయింది. ఇది పెరిగి పెరిగి తెగింది. కదలిక అయిపోతే ఇలా తెగదు."

గ్రెటా తెర వైపు ఇంకోసారి చూసింది. "రెడ్ సందేశం నేను రాస్తాను. నువ్వు ఫోన్లు చెయ్యి" అంది.

మేధ ముందు విమానాల రాకపోకలు చూసేవాళ్ళకి చేసింది, తర్వాత మార్ఫాకి. అదే సమయానికి పెత్రోవ్ హార్బర్‌లో చిన్న విమానం ఒకటి, పసుపు రంగు ఉన్న రోజుల్లో ఉత్తరాలూ సరుకులూ తెచ్చి వాతావరణం వల్ల చిక్కుకుపోయినది, తిరిగి బయల్దేరడానికి ఇంజను తిప్పుకుంటోంది. కొండ ఇంకా ముదరకముందే బయటపడదామని పైలట్ ఆత్రం. లోపల మార్ఫా మేనకోడలు ఉంది. కాన్పుకని ఏంకరేజ్ ఆసుపత్రికి వెళ్తోంది. జలసంధి మీదుగా పోవాలి, గాలి కూడా కొండ మీంచి అటే వీస్తోంది.

మార్ఫా రేడియో అందుకుంది. "ఆగు. ఎగరకు."

"ఎందుకు? కొండ ఏమీ చెయ్యట్లేదని ఇప్పుడే విన్నాను" అన్నాడు పైలట్.

"ఏమీ చెయ్యట్లేదు కాబట్టే ఆగమంటున్నాను. ఇంజను కట్టెయ్. అందర్నీ దింపు."

పైలట్ ఏదో గొణిగాడు కానీ ఇంజను కట్టేశాడు. ఆమె అడిగితే కట్టెయ్యని పైలట్ ఆ దీవుల్లో లేడు. అందరూ దిగి బడి వైపు నడిచారు. మార్ఫా దుకాణానికి తాళం వేసి, మేనకోడల్ని తన ట్రక్కులో ఎక్కించుకుంది. వాళ్ళు బడి మెట్లెక్కుతుండగా కవిలాక్ పేలింది.

ఏంకరేజ్‌లో తెర మీద గీతలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. కాసేపటికి గాలి ద్వారా ఆ చప్పుడు మైకులకి అందింది. మబ్బుల్ని చీల్చుకుని బూడిద స్తంభం లేచినట్టు శాటిలైట్ చూపించింది. గాలి దాన్ని జలసంధి మీదికి, ఆ చిన్న విమానం వెళ్ళాల్సిన దారి మీదికే, పరిచేసింది. దూరంగా, ఎత్తున వెళ్ళే పెద్ద విమానాల్ని అప్పటికే దారి మళ్ళించారు. ఊరి మీద పల్చగా బూడిద రాలింది. జనం మాస్కులు పెట్టుకుని బడిలో సర్దుకున్నారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

కొండ కక్కినంతసేపూ ట్రెమర్ బలంగా సాగింది. మోతని బట్టి బూడిద ఎంత ఎత్తు పోతుందో చెప్పమని విలేకరులు అడిగారు. "ఒక అంచనాకి పనికొస్తుంది, కొలబద్దగా పనికిరాదు" అని మేధ ఖచ్చితంగా చెప్పింది. ఒక సాయంత్రం మోత ఇంకా హోరుమంటుండగానే బూడిద స్తంభం కుంగిపోయింది. రెండు సంగతులూ ఉన్నవి ఉన్నట్టు ప్రకటనలో పెట్టించింది.

"నీకు భయం వెయ్యలేదా?" అని నేనడిగాను.

"వర్క్ చేస్తున్నప్పుడు లేదు, ఆంటీ. తర్వాత కార్‌లో కూర్చున్నాక హ్యాండ్స్ షేక్ అయ్యాయి. నాన్నకి చెప్తే, ఏ ఫ్రీక్వెన్సీలో అని అడిగారు." చెప్పి తనే పగలబడి నవ్వింది.

బూడిద సర్దుకున్నాక మార్ఫా మేనకోడలు ఏంకరేజ్ చేరింది. ఆడపిల్ల పుట్టింది. మేధ ఆసుపత్రికి వెళ్తే, మార్ఫా పసిదాన్ని ఆమె చేతుల్లో పెట్టి కాఫీ తెచ్చుకోడానికి వెళ్ళిపోయిందట.

కథ ఇక్కడితో ఆపేస్తే మేధ ఒప్పుకోదు. మే నెలలో కవిలాక్ ఇంకోసారి పేలింది. చిన్నదే, ఆవిరి పేలుడు. దానికి ముందు మోత లేదు, దెబ్బల్లేవు, ఏ సూచనా లేదు. ఊరికి దూరంగా మంచు మీద రాళ్ళు పడ్డాయి, అంతే. అయినా ముందుగా ఏ హెచ్చరికా వెళ్ళలేదు. మేధ రికార్డులన్నీ మళ్ళీ మొదట్నుంచీ చూసింది. తర్వాత తనే మార్ఫాకి ఫోన్ చేసింది.

"ఈసారి కొండ చెప్పలేదా, నువ్వు వినలేదా?" అని అడిగింది మార్ఫా.

"మాకున్న పరికరాలకి అందేలా చెప్పలేదు. నీళ్ళు పైపైనే ఆవిరై పేలితే ఒక్కోసారి ముందు సూచన ఉండదు. ఉత్తరం వైపు ఒక పరికరం ఉంటే ఏమైనా దొరికేదేమో. లేదు కాబట్టి తెలియదు."

"ఉత్తరం వైపు మా అన్నదమ్ముల స్థలం ఉంది. రాతి నేల. గాలి తగలకుండా ఒక గట్టు కూడా ఉంది. పనికొస్తుందా?"

"చూడాలి. చూడ్డానికి వస్తాను" అంది మేధ.

అనుమతులన్నీ వచ్చేసరికి జులై అయింది. అప్పటికి నేను ఏంకరేజ్‌లోనే ఉన్నాను. "రండి ఆంటీ, మీరూ చూడండి" అంటే నేనూ పెత్రోవ్ హార్బర్ టికెట్ కొనుక్కున్నాను. చిన్న విమానంలో దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకున్నాను, అది వేరే సంగతి. దిగాక మార్ఫా ట్రక్కులో కొంత దూరం, గడ్డిలో నడిచి కొంత దూరం వెళ్ళాం. ఆ రోజు కవిలాక్ పూర్తిగా కనిపించింది. పైన మంచు, మంచు మీద బూడిద చారలు, నెత్తిన తెల్లగా సన్నటి ఆవిరి. కింద గడ్డి నిండా ఊదా పూలు.

మార్ఫా పలుగు తీసుకుంది. మేధ పార తీసుకుంది. గట్టు వారగా తవ్వుతూ తవ్వుతూ రాయి తగిలేదాకా వెళ్ళారు. మేధ మోకాళ్ళ మీద కూర్చుని, పీపా లాంటి ఆ పరికరాన్ని గుంటలో దించి, అటూ ఇటూ వాలకుండా సరిచేసి, తీగలు కలిపింది. కదలకుండా నిలబడమంటే మేమిద్దరం బొమ్మల్లా నిలబడ్డాం. ఆమె శాటిలైట్ ఫోన్‌లో గ్రెటాని పిలిచింది.

"అంతా నిశ్శబ్దంగా ఉంది. సిగ్నల్ శుభ్రంగా వస్తోంది" అంది గ్రెటా అవతల నుంచి.

"ఇప్పుడు చూడు" అని మేధ మా వైపు తిరిగింది. "మార్ఫా, గట్టిగా ఎగరండి."

మార్ఫా రబ్బరు బూట్లతో దబ్బుమని ఎగిరింది.

"వచ్చింది!" అంది గ్రెటా.

"ఆంటీ, మీరు కూడా."

"నేనెందుకే?"

"టెస్ట్, ఆంటీ. ప్లీజ్."

నా వయసులో కొండ పక్కన ఎగరడమేంటనుకున్నాను గానీ, అటూ ఇటూ చూసి ఎగిరాను. ఫోన్‌లో గ్రెటా నవ్వు వినిపించింది. "ఇది మార్ఫా కాదు. తేలిక మనిషి. ఎవరు?"

"మా ఊరి ఆంటీ" అంది మేధ. మూత బిగించి, గుంట పూడ్చి, పైన బరువుకి రాళ్ళు పేర్చడం మొదలుపెట్టింది. మార్ఫా చెయ్యి వేసింది. నేనూ ఒక రాయి ఎత్తుకొచ్చాను.